జిగురు లేదు, రంగు లేదు: ఊలు దారంతో పిల్లల చేత చిన్న ప్రభ చేయిద్దాం

సంక్రాంతి సెలవులు ఇచ్చారంటే మా అరుగు మీద పిల్లలు చేరిపోతారండి. మా వాళ్ళు ఇద్దరు, పక్కింటి పిల్లలు, ఊరి నుంచి వచ్చిన మా ఆడపడుచు పిల్లలు, అందరూ కలిపి ఏడెనిమిది మంది. పొద్దున్నంతా ముగ్గులు, గాలిపటాలు అని తిరుగుతారు, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఎండలోకి వెళ్ళొద్దు అంటే ఇంక ఫోన్ ఇమ్మని కొంగు పట్టుకుంటారు. ఒక ఏడాది ఫోన్ ఎందుకులే అని కాగితాలు, జిగురు, రంగులు ఇచ్చి కూర్చోబెట్టాను, ఆ జిగురు డబ్బా కాస్తా గచ్చు మీద ఒలికిపోయి, దాని మీద రంగు పడి, ఎండాక అట్లకాడతో గీకితే గానీ రాలేదు, మా అత్తగారి పండగ చీర కొంగుకి కూడా అంటుకుపోయింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు కానీ నాకే ప్రాణం ఉసూరుమంది. అప్పటినుంచి జిగురూ రంగూ లేకుండా చేయించేది ఏముందా అని చూసి చూసి ఇది పట్టుకున్నాను. నాలుగేళ్ళుగా ప్రతి సెలవుల్లో చేయిస్తున్నా, అయిపోయాక అరుగు ఒక్కసారి చీపురుతో ఊడిస్తే చాలు.

అట్టముక్క అంచులకి గాట్లు పెట్టి వాటిల్లో ఊలు దారం చుట్టడం, పని మొత్తం ఇంతే. దారాన్ని పట్టుకుని ఉంచేది గాటే, అందుకే జిగురు అక్కర్లేదు, ముడి కూడా అక్కర్లేదు. గాట్లు సరిగ్గా పడితే నాలుగేళ్ళ పిల్ల కూడా చుట్టేస్తుంది, గాట్లు తేడా వస్తే పెద్దవాళ్ళకి కూడా దారం జారిపోతూ చిరాకొస్తుంది. కాబట్టి గాట్ల దగ్గర కొంచెం ఓపిక పట్టండి.

ఏ బొమ్మైనా చేయొచ్చు, చేప, పడవ, కొబ్బరిచెట్టు, మీ ఇష్టం. మేము మాత్రం ప్రభ, అంటే దేవుణ్ణి పెట్టి ఊరేగించే వెదురు చట్రం, చేస్తాం, ఎందుకంటే మా పిల్లలు చిన్నప్పటినుంచి కళ్ళారా చూసేది అదే కదా. కోనసీమ బయటి వాళ్ళకి ఒక్క మాట చెప్తాను. కనుమ రోజు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది, చుట్టుపక్కల 11 ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులు అంటాం, వెదురుతో కట్టి రంగురంగుల దారాలు, కొత్త గుడ్డలు, పూలతో అలంకరించిన పెద్ద పెద్ద ప్రభల మీద అక్కడికి వస్తారు. బళ్ళ మీద కాదండి, మనుషుల భుజాల మీదే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని పచ్చటి వరిచేలల్లోంచి, కౌశిక కాలువ నీళ్ళల్లోంచి మోసుకొస్తుంటే చూడాలి, చేను తొక్కుతున్నారని ఏ రైతూ బాధపడడు, మా చేలోంచి దేవుడు వెళ్ళాడని సంబరపడతారు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన ఆంధ్రా శకటం ఈ ప్రభల తీర్థమే. మరి అసలు ప్రభకే దారాల అలంకారం ఉన్నప్పుడు పిల్లలు దారంతో చేసే బొమ్మకి ఇంతకన్నా మంచిది ఏముంటుంది చెప్పండి.

ఏమేం కావాలంటే ఒక పాత కార్టన్ పెట్టె, నాలుగు రంగుల ఊలు, కత్తెర, స్కేలు, పెన్సిలు, క్రేయాన్లు, నాలుగైదు కొబ్బరి ఈనెలు. ఊలు అంటే స్వెట్టర్లు అల్లేదే, ఫ్యాన్సీ షాపుల్లో ఉండలుగా దొరుకుతుంది. మరీ సన్నంది కొనకండి, పిల్లల వేళ్ళకి ఆనదు. నేను ఒకసారి రంగులు బావున్నాయని పిల్లల క్రాఫ్ట్ కిట్ ఒకటి కొన్నాను, అందులో దారం రెండు చుట్లకే పీచులు పీచులుగా విడిపోయింది, పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. అందుకని కొనేముందు ఒక జానెడు దారం లాగి వేళ్ళ మధ్య నలిపి చూడండి, పురి గట్టిగా ఉండి నూగు రాలకపోతే తీసుకోండి.

మా పుట్టిల్లు నరసాపురం వైపండి, మా అమ్మమ్మ లేసు అల్లేది. అక్కడ వీధి వీధికీ ఆడవాళ్ళు క్రోషే సూదితో లేసు అల్లుతూనే ఉంటారు, ఆ నరసాపురం లేసుకే 2024లో జీఐ ట్యాగ్, అంటే అది ఆ ప్రాంతం సరుకేనని గుర్తింపు, కూడా వచ్చింది. లేసు దారం ఇంట్లో ఉంటే దీనికి వాడొచ్చు గానీ అది సన్నం, నాలుగు పేటలు కలిపితే తప్ప కనపడదు, తెల్లటి చారలు కావాలంటే మాత్రం అందంగా వస్తుంది. అమ్మమ్మ దగ్గర నేను నేర్చుకున్న ఇంకో సంగతి ఈ పనికి చాలా పనికొచ్చింది, అది చుట్టే దగ్గర చెప్తాను.

ముందు అట్ట. కార్టన్ అట్టని అంచున చూస్తే లోపల సన్న సన్న గొట్టాల్లా ఉంటాయి కదా, ఆ గొట్టాలు ఏ వైపు వెళ్తున్నాయో చూసుకోండి. మనం దారం ఎడమ నుంచి కుడికి అడ్డంగా చుడతాం కాబట్టి గొట్టాలు కూడా అడ్డంగానే ఉండాలి. నిలువుగా ఉన్న అట్ట తీసుకున్నారనుకోండి, దారం బిగిసేకొద్దీ అట్ట పుస్తకంలా మధ్యకి మడత పడిపోతుంది. మొదటి ఏడాది ఇది తెలీక మూడు ప్రభలు పాడయ్యాయి, పిల్లలు గట్టిగా లాగుతున్నారు అనుకుని వాళ్ళనే కేకలేశాను పాపం, తప్పు నాది, అట్టది. వానాకాలం అయితే ఇంకో జాగ్రత్త, మన డెల్టా తేమకి అట్ట మెత్తబడిపోతుంది, ముందు రోజు ఎండలో ఒక గంట పెట్టండి.

గీసేది ఇలాగ. వెడల్పు 16 సెంటీమీటర్లు, పక్కలు నిటారుగా 14 సెంటీమీటర్లు, దాని పైన సగం చందమామలాగా గుండ్రం, అంటే మొత్తం ఎత్తు 22 వస్తుంది. పైన గుండ్రానికి 16 సెంటీమీటర్ల పళ్ళెం ఉంటే బోర్లించి గీసేయండి. కత్తిరించాక కింద 2 సెంటీమీటర్లు వదిలేయండి, అది పీట. ఆ పైనుంచి ఒక్కో సెంటీమీటరుకి ఒక చుక్క పెట్టుకుంటూ పక్కకి 12 చుక్కలు, రెండో పక్క కూడా సరిగ్గా ఎదురెదురుగా 12. ఆ చుక్కల దగ్గర అర సెంటీమీటరు లోతు గాట్లు పెట్టాలి. కత్తెరతో ఒక్క కోత కోస్తే సరిపోదు, దారం లోపలికి దిగదు, రెండు కోతలు వేసి సన్నటి వీ ఆకారంలో చిన్న ముక్క తీసేయాలి. ఇది పెద్దవాళ్ళ పనే, పిల్లల చేతికి ఇవ్వకండి, దళసరి అట్ట కోసేటప్పుడు కత్తెర జారితే చెయ్యి తెగుతుంది. నేను ముందు రోజు రాత్రి టీవీ చూస్తూ ఎనిమిది అట్టలు కోసి పెట్టేస్తాను, పొద్దున్న పిల్లలు వచ్చేసరికి సిద్ధంగా ఉంటాయి.

పైన గుండ్రం భాగంలో దారం చుట్టం కాబట్టి అది బోసిగా ఉంటుంది, చుట్టడం మొదలుపెట్టకముందే అక్కడ క్రేయాన్లతో పిల్లలకి ఏది ఇష్టమైతే అది గీసుకోమనండి. మా చిన్నది ప్రతిసారీ సూర్యుడూ చంద్రుడూ రెండూ పెడుతుంది.

ఇప్పుడు దారం. ఉండ మొత్తం పిల్లల చేతికి ఇచ్చారో, అది అరుగు దిగి వీధిలోకి దొర్లుకుంటూ పోతుంది, దాని వెనక పిల్లి, పిల్లి వెనక పిల్లలు, ఆఖరికి చిక్కు విప్పలేక కోసేసుకోవడమే. ఈ క్రాఫ్ట్‌లో చిందరవందర అయ్యేది ఏదన్నా ఉందంటే అది ఇదొక్కటే. ఉండని ఒక చెంబులో వేసి పైనుంచి దారం కొస తీయండి, లాగినకొద్దీ లోపలే తిరుగుతుంది, బయటికి దొర్లదు. చిన్నపిల్లలైతే చెంబు కూడా వద్దు, ముందే కోసి ఇచ్చేయండి. నా కొలత ఏంటంటే రంగుకి రెండు బారలు. రెండు చేతులూ చాపి ఒక బార, మళ్ళీ ఇంకో బార, సుమారు మూడున్నర మీటర్లు వస్తుంది. ఈ అట్టకి ఒక్క చుట్టు 33 సెంటీమీటర్ల దాకా పడుతుంది, గాటుకి మూడు చుట్లు, రంగుకి మూడు గాట్లు అంటే తొమ్మిది చుట్లు, మూడు మీటర్లు. కాబట్టి రెండు బారలు కోస్తే కొసలకి కూడా మిగులుతుంది. నాలుగు రంగులకి 12 గాట్లూ నిండిపోతాయి. అయిదేళ్ళ లోపు పిల్లలకి మాత్రం ఒక్కో బారే ఇవ్వండి, అయిపోయాక ఇంకోటి ఇవ్వొచ్చు. పొడుగు దారం మెడకి చుట్టుకుంటారని భయం, అందుకని చిన్నపిల్లలు చేసేటప్పుడు పక్కనే కూర్చోవాలి. మూడేళ్ళ లోపు వాళ్ళకైతే అసలు దారం ఇవ్వొద్దు.

మొదలుపెట్టడం ఎలాగంటే అట్ట వెనక్కి తిప్పి దారం కొస నాలుగు వేళ్ళంత వదిలి, కింద మొదటి గాట్లోకి దించమనండి. అక్కడినుంచి ముందు వైపుకి తెచ్చి ఎదురు గాట్లోకి, వెనక నుంచి మళ్ళీ మొదటి గాట్లోకి. ఒక చుట్టు అయింది. అదే గాట్లో ఇంకో రెండు చుట్లు, తర్వాత పై గాటు. మా వాళ్ళు మొదట్లో లెక్క మర్చిపోయేవారు, ఒక గాట్లో ఆరు, ఇంకో గాట్లో ఒకటి చుట్టేవారు. ఇప్పుడు చుట్టు చుట్టుకీ “ఒకటి, రెండు, మూడు, పైకి” అని పాడుకుంటూ చుడతారు, ఎనిమిది మంది ఒకేసారి పాడుతుంటే వీధి చివరికి వినిపిస్తుంది.

రంగు మార్చేటప్పుడు ముడేయొద్దు. పాత దారం కొసని వెనక్కి తీసుకెళ్ళి పక్క చుట్ల కింద దూర్చేయడం, కొత్త దారం కొసని తర్వాతి గాట్లో దించడం, అంతే. ముడేస్తే అక్కడ బొడిపెలా కనిపిస్తుంది, పైగా తర్వాత విప్పాలంటే రాదు.

ఇందాక అమ్మమ్మ సంగతి చెప్తానన్నాను కదా. లేసు అల్లేటప్పుడు ఎడమ చేతి చిటికెన వేలికి దారం ఒక్క చుట్టు చుట్టి, మిగతా వేళ్ళ మీదుగా పోనిచ్చేది. దారం ఎంత వదలాలో ఎంత పట్టాలో ఆ చిటికెన వేలే చూసుకునేది, ఆవిడ మాత్రం మాతో కబుర్లు చెప్తూనే ఉండేది. పిల్లలకి ఇదే నేర్పాను. దారం ఉండే చేతి చిటికెన వేలి కిందనుంచి, పై మూడు వేళ్ళ మీదనుంచి దారం రావాలి. వేలికి గట్టిగా చుట్టనివ్వకండి, రక్తం ఆడక వేలు ఎర్రబడుతుంది, ఊరికే ఆనించి పోనిస్తే చాలు. బిగువు ఎంత ఉండాలో పిల్లలకి ఎలా తెలుస్తుందంటే, చుట్టిన దారం కింద చూపుడువేలు దూర్చమనండి. వేలు అస్సలు దూరకపోతే బిగువెక్కువ, అట్ట వంగిపోతుంది. వేలు పెట్టి ఎత్తితే దారం వేలాడితే వదులు. వేలు దూరాలి, తీయగానే దారం మళ్ళీ అట్టకి అంటుకుపోవాలి. మా పక్కింటి పిల్లాడికి ఆరేళ్ళు, వాడు ప్రతి గాటుకీ వేలు పెట్టి చూసుకుని నాకేసి చూస్తాడు, నేను తల ఊపితే గానీ పై గాటుకి వెళ్ళడు. ఆ వేలు అలా దూర్చి, నాలిక కొస పెదవుల మధ్య పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తాడు చూడండి, ఆ మొహం కోసమైనా నేను ఇవన్నీ కోసిపెడతాను.

ఎడమచేతి వాటం పిల్లలు ఉంటే వాళ్ళు రెండో పక్క నుంచి చుట్టడం మొదలుపెడతారు, చుట్టనివ్వండి. కుడిచేత్తోనే చెయ్యి అని అనకండి. బొమ్మలో తేడా ఏమీ రాదు.

ఇక మధ్యలో పెట్టే చక్రం. ఏడేళ్ళు దాటిన పిల్లలకి ఇదే ఎక్కువ ఇష్టం. 10 సెంటీమీటర్ల గుండ్రం అట్ట, చిన్న గిన్నె మూత పెట్టి గీసుకోవచ్చు, అంచు చుట్టూ 11 గాట్లు. స్కేలుతో మూడు సెంటీమీటర్లకి రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఒక్కో చుక్క పెట్టుకుంటూ వెళ్తే చుట్టూ 11 వచ్చేస్తాయి. 11 ఎందుకంటే ఏకాదశ రుద్రులు అని పిల్లలకి చెప్తాను, కానీ ఇంకో కారణం కూడా ఉంది. గాట్లకి 1 నుంచి 11 దాకా నంబర్లు వేసి, ఒకటో గాటు నుంచి ముందు వైపుగా ఆరో గాటుకి, అక్కడినుంచి వెనక వైపుగా 11కి, మళ్ళీ ముందు వైపుగా 5కి, వెనకగా 10కి, ఇలా ప్రతిసారీ అయిదు గాట్లు ముందుకి దాటుకుంటూ వెళ్ళాలి. 11ని ఒకటీ, పదకొండూ తప్ప ఇంకేదీ భాగించదు కదా, అందుకని అన్ని గాట్లూ తగిలాకే దారం ఒకటో గాటుకి తిరిగొస్తుంది. 12 గాట్లు పెట్టి నాలుగేసి దాటారనుకోండి, మూడంటే మూడే దూకుల్లో మొదటికి వచ్చేసి త్రికోణం దగ్గర ఆగిపోతుంది. పైగా 11 బేసి సంఖ్య, కాబట్టి మొదటి రౌండులో ముందు వైపు పడిన గీత రెండో రౌండులో వెనక పడుతుంది, వెనక పడింది ముందుకొస్తుంది, 22 దూకులు అయ్యేసరికి రెండు పక్కలా ఒకేలాంటి నక్షత్రం. దీనికి దారం రెండున్నర మీటర్లు చాలు.

మా ఆడపడుచు కొడుకు ఏడో తరగతి. వాడు ఇది చేస్తూ చేస్తూ ఆగి, “అత్తా, మరి 13 గాట్లైతే?” అన్నాడు. చేసి చూడు నాన్నా అన్నాను. 13 చేశాడు, 9 చేశాడు, తొమ్మిదికి మూడేసి దాటితే రావట్లేదు, రెండేసి దాటితే వస్తోంది అని వాడే కనిపెట్టి, ఆ సాయంత్రం మా మావగారికి అరగంట సేపు వివరించాడు.

చక్రం అయ్యాక దాన్ని ప్రభ మీద అతికించక్కర్లేదు. ప్రభ మధ్యలో ఉన్న దారాలు నాలుగైదు కొంచెం ఎత్తి చక్రాన్ని కిందకి దూర్చితే, చక్రం అంచున గాట్ల మధ్య ఉండే పళ్ళు ఆ దారాలకి పట్టుకుని అలాగే ఉండిపోతుంది. ఎర్ర చారల మీద తెల్ల చక్రం అయితే దూరానికి కూడా కనిపిస్తుంది.

కొబ్బరి ఈనెలు ఎందుకో ఇప్పుడు చెప్తాను. గొట్టాలు అడ్డంగా ఉండాలన్నాను కదా, అడుగున పీట దగ్గర ఆ గొట్టంలోకి ఒక పక్కనుంచి ఈనె దూర్చి రెండో పక్క బయటికి తీయండి, రెండు వైపులా జానెడు జానెడు మిగలాలి. ఒక గొట్టం వదిలి ఇంకో ఈనె. ఇవే ప్రభ మోసే కర్రలు. అట్టకి కూడా బలం వస్తుంది. పచ్చి ఈనె వద్దు, ఎండాక వదులై జారిపోతుంది, చీపురులోంచి గట్టి ఈనె తీసుకోండి. కొసలు మొండిగా కత్తిరించి వాటికి కాస్త ఊలు చుట్టండి, మొనగా వదిలేస్తే పరిగెత్తేటప్పుడు కళ్ళల్లో గుచ్చుకుంటాయి.

కుచ్చులు తెలిసిందే, నాలుగు వేళ్ళకి ఇరవై చుట్లు చుట్టి, జాగ్రత్తగా తీసి, పైన ఒక దారంతో కట్టి కింద కత్తిరించడమే. ఈనెలకి వేలాడదీయొచ్చు.

మరీ చిన్నవాళ్ళు, నాలుగేళ్ళ వాళ్ళు, గాటులోకి దారం దించలేకపోతే అట్ట మీద డబల్ సైడ్ టేపు అడ్డంగా మూడు నాలుగు వరసలు వేసి పై కాగితం తీసి ఇచ్చేయండి. చిన్న చిన్న ఊలు ముక్కలు వాటి మీద పెట్టి నొక్కుతారు, చేతికి ఏమీ అంటదు. ఒక్కో వరస కాగితం ఒక్కోసారి తీయండి, అన్నీ ఒకేసారి తీస్తే దుమ్ము పట్టి అంటుకోవడం మానేస్తుంది. వాళ్ళు పది నిమిషాల్లో లేచి వెళ్ళిపోయినా బలవంతపెట్టకండి, సాయంత్రం మళ్ళీ వాళ్ళంతట వాళ్ళే వచ్చి అడుగుతారు. పెద్దపిల్లలకైతే ప్రభా చక్రమూ కలిపి గంటన్నర పడుతుంది.

అన్నీ అయిపోయాక మా పిల్లలు ఇద్దరేసి చొప్పున ఒక్కో ప్రభని ఈనెల దగ్గర పట్టుకుని, తీర్థంలో ప్రభలు మోసేవాళ్ళలాగా “అశ్శరభ శరభ” అని అరుచుకుంటూ అరుగు మీంచి దిగి, పెరట్లో కొబ్బరిచెట్ల మధ్యనుంచి తిరిగి, నుయ్యి చుట్టూ వెళ్ళి వస్తారు. నుయ్యి గట్టు దగ్గర మాత్రం పెద్దవాళ్ళెవరైనా నిలబడాలి. కింద పడినా ప్రభకి ఏం కాదు, దుమ్ము దులిపి మళ్ళీ ఎత్తుకుంటారు.

పండగ అయ్యాక గుమ్మానికి వేలాడదీస్తే రెండు మూడు నెలలు బానే ఉంటుంది, గోడ తడి తగిలే చోట మాత్రం పెట్టకండి. తర్వాత అట్ట మెత్తబడితే పారేయండి కానీ దారం పారేయొద్దు. ముడి ఎక్కడా లేదు కాబట్టి చక్రం తీసేసి పై రంగు నుంచి ఒక్కో రంగు కొస లాగితే మొత్తం ఊడొచ్చేస్తుంది. దాన్ని ఉండ చుట్టే పని కూడా పిల్లలకే ఇవ్వండి, ఒకళ్ళు ప్రభ పట్టుకుని తిప్పుతుంటే ఇంకొకళ్ళు చుట్టాలి. ఒక్కో ప్రభకి నాలుగు రంగులవీ నాలుగు చిన్న ఉండలు వస్తాయి, నేను వాటిని పాత హార్లిక్స్ సీసాలో వేసి మూత బిగించి పెడతాను, దసరా సెలవులకి మళ్ళీ తీస్తాం.